సర్ థామస్ మన్రో – దత్త మండలాల సేద్యం చెప్పిన ఆర్థిక పాఠం

బళ్ళారి సీమలో విజయనగర రాయల తరువాత పల్లెపల్లెనా నిలిచిపోయిన పాలకుల పేర్లు బహు కొద్ది. వాటిలో ఒకటి పరదేశీయునిది. సముద్రాలు దాటి సామాన్య సైనికోద్యోగిగా వచ్చి, దత్త మండలాలకు ప్రధాన కలెక్టరై, చివరకు మద్రాసు గవర్నరు పదవిని అలంకరించి, ఈ గడ్డ మీదనే కన్నుమూసిన సర్ థామస్ మన్రో పేరు అది. ఈ ప్రాంతపు ప్రజలు ఆయనను మాండవ్య ఋషితో పోల్చుకున్నారు. తమ బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. మన్రో ఉద్యోగం శిస్తు వసూలు చేయడం. శిస్తు వసూలు చేసే అధికారిని రైతు తలచుకొని బిడ్డకు పేరు పెట్టుకోవడం లోకంలో అరుదు. ఈ ఆదరణకు కారణాన్ని ఆయన మంచితనంలో మాత్రమే వెదకితే చాలదు. ఒక సీమ తనకున్న నేలతో, నీటితో, ఎద్దులతో, చేతులతో ఎంత పండించగలదు? పండించగలిగినంత పండించకుండా ఎందుకు ఆగిపోతుంది? ఆ ఎల్లను ముందుకు జరపడం ఎట్లా? ఈ మూడు ప్రశ్నలే ఆయన జీవితంలో ప్రధాన భాగాన్ని ఆక్రమించాయి. అర్థశాస్త్రంలో విద్యార్థులు ఉత్పత్తి అవకాశాల రేఖ అనే పేరుతో చదువుకునే పాఠం సరిగ్గా ఇదే. ఆ రేఖ పాఠ్యపుస్తకాలకు ఎక్కడానికి నూరేండ్లకు ముందే దాని సారాన్ని ఈ సీమ రేగడి నేలల్లో గుర్తించినవాడు మన్రో.

బాల్యం – యౌవనం

థామస్ మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసే వర్తకుడు. ఆధునిక అర్థశాస్త్రానికి ఆద్యుడని పేరుపొందిన ఆడం స్మిత్ 1764 వరకు బోధించినది ఆ నగరపు విశ్వవిద్యాలయంలోనే. మన్రో కూడా కొంతకాలం అక్కడ చదివాడు. చిన్ననాట సోకిన తట్టు వ్యాధి వలన ఆయనకు వినికిడి కొంత తగ్గింది. ఆ లోపం జీవితాంతం వెన్నంటి ఉన్నా, పుస్తకాల మీద ప్రీతిని అది మరింత పెంచింది.

అమెరికా స్వాతంత్ర్య సమరం ఆ కుటుంబ భాగ్యాన్ని తలక్రిందులు చేసింది. తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. వర్తకుని కుమారుడుగా హాయిగా బ్రతుకవలసిన యువకుడు పొట్ట చేతపట్టుకొని ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి, 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి ఆయన వయస్సు పంతొమ్మిదేండ్లైనా నిండలేదు. అదే సంవత్సరం హైదరాలీ కర్ణాటక మీదికి దండెత్తగా, మన్రో ఆ యుద్ధంలో పాల్గొన్నాడు. యుద్ధం పంటచేలను, ఊళ్ళను, చెరువులను ఏ గతికి తెస్తుందో తొలిసారిగా కళ్ళారా చూచినది అప్పుడే.

బారామహల్ పాఠశాల

1792లో టిప్పు సుల్తాను నుండి బారామహల్ ప్రాంతం కంపెనీ వశమైనది. దాని పాలనకు నియమితుడైన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు సహాయకులుగా వెళ్ళిన సైనికాధికారులలో మన్రో ఒకడు. నేటి తమిళనాడులో ధర్మపురి, కృష్ణగిరి పరిసరాల్లో ఉన్న ఆ సీమలో ఏడేండ్లు గడిపాడు. ఊరూరా తిరిగి, రైతులతో వారి భాషలోనే మాట్లాడి, ఏ నేల ఏ పంటకు పనికివస్తుందో, ఏ కుటుంబానికి ఎన్ని ఎద్దులున్నవో తెలుసుకున్నాడు. ప్రభుత్వానికీ రైతుకూ మధ్య జమీందారులు గాని గుత్తదారులు గాని లేకుండా, ఏ రైతు చేనికి ఆ రైతే నేరుగా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతికి అక్కడనే రూపురేఖలు ఏర్పడినవి.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత ఆయనను కన్నడ తీర ప్రాంతానికి పంపారు. అక్కడ ఏడాదికి పైగా పనిచేశాడు. ఇంతలో 1800 అక్టోబరులో నిజాము నవాబు తనకు మైసూరు యుద్ధాల మూలంగా దక్కిన జిల్లాలను, సైనిక రక్షణకు బదులుగా కంపెనీకి ధారపోశాడు. అట్లా దత్తమైనవి కాబట్టి వాటికి దత్త మండలాలు అని పేరు వచ్చింది. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు ప్రాంతంలో కొంత భాగం అందులో చేరి ఉండేవి. 1928లో నంద్యాల సభలో ఈ సీమకు రాయలసీమ అన్న గౌరవప్రదమైన నామం లభించే వరకు ఆ పాత పేరే చెల్లింది. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా మన్రో 1800 చివరలో వచ్చాడు. ఆయన చేతిక్రింద నలుగురు ఉప కలెక్టర్లు ఉండేవారు.

బీడుపడిన సీమ

మన్రో వచ్చేనాటికి ఈ సీమ స్థితి దయనీయంగా ఉండేది. సుమారు ఎనభై మంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని, బలగాలను పోషించుకుంటూ, ఎవరికి వారే ప్రభువులై ఉండేవారు. ఒకే పల్లె మీద ఒక ఏడాదిలో ఇద్దరు ముగ్గురు శిస్తుకు వచ్చిపడేవారు. దండ్ల రాకపోకలకు, దోపిళ్ళకు జడిసి జనం ఊళ్ళు విడిచిపోయారు. గండిపడిన చెరువులను పూడ్చే దిక్కు లేకపోయింది. మన్రో పాళెగాండ్ర బలాన్ని కఠినంగా అణచివేశాడు. ఆ తీరు లండనులోని కంపెనీ డైరెక్టర్లకు కొంతకాలం రుచించలేదు కూడ. ఆయన మాత్రం గుడారాలలో బసచేస్తూ, మండలమంతటా సంచరిస్తూ పనిచేశాడు.

ఆయన దృష్టిని అన్నింటికంటె ఎక్కువగా ఆకర్షించినది బీడు భూమి. నేల చెడ్డదై బీడుపడలేదు. దున్నే ఎద్దులు లేక, చల్లే విత్తనం లేక, దున్నినా తనకేమి మిగులుతుందన్న ఆశ లేక బీడుపడింది. ఈ భేదాన్ని గుర్తించడమే ఆయన విజ్ఞత.

ఎల్ల అనగా ఏమి?

ఈ సంగతి స్పష్టం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకోవచ్చు. ఈ సీమలోని ఒక చిన్న పల్లెలో కొంత నల్లరేగడి, కొంత ఎర్రనేల ఉన్నవని, అక్కడ పండేవి జొన్న, ప్రత్తి అనే రెండే పంటలని అనుకోవాలి. ఊళ్ళోని నేల అంతా, ఎద్దులన్నీ, చేతులన్నీ జొన్నకే వినియోగిస్తే 100 సంచుల జొన్నలు పండుతాయి. ప్రత్తి ఒక్క మణుగైనా ఉండదు. ప్రత్తికి మిక్కిలి అనువైన రేగడిని మాత్రం దానికి విడిచిపెడితే 95 సంచుల జొన్నలు, 10 మణుగుల ప్రత్తి వస్తాయి. ఇంకొంత విడిచిపెడితే 80 సంచులు, 20 మణుగులు. ఇంకా విడిస్తే 50 సంచులు, 30 మణుగులు. ఊరంతా ప్రత్తే వేస్తే 40 మణుగులు వస్తుంది గాని గింజ జొన్న ఉండదు.

ఈ అయిదు స్థితులను గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే వెలుపలికి వంగిన ఒక రేఖ ఏర్పడుతుంది. అదే ఆ పల్లె ఉత్పత్తి అవకాశాల రేఖ. మొదటి 10 మణుగుల ప్రత్తి కోసం వదులుకున్నవి 5 సంచుల జొన్నలే. రెండవ పదికి 15 సంచులు, మూడవ పదికి 30 సంచులు, చివరి పదికి 50 సంచులు వదులుకోవలసి వచ్చింది. కారణం తేలికైనదే. మొదట ప్రత్తికి తగిన నేలను ఇచ్చారు. పోనుపోను జొన్నకే తగిన ఎర్రనేలను కూడ ప్రత్తికి ఇవ్వవలసి వచ్చింది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోక తప్పదు. అట్లా వదులుకున్న దానినే అర్థశాస్త్రజ్ఞులు అవకాశ వ్యయం అంటారు. ఈ రేఖకు వెలుపలి స్థితి, ఉన్న వనరులతో అందనిది. రేఖ మీది స్థితి, వనరులన్నీ సద్వినియోగమైనది. రేఖకు లోపలి స్థితి, ఉన్న వనరులు కూడ వృథాగా పడి ఉన్నది.

దత్త మండలాలలోని పల్లెలు ఈ మూడవ స్థితిలో ఉండేవి. 60 సంచుల జొన్నలు, 5 మణుగుల ప్రత్తి పండించి ఆగిపోయిన ఊరివంటివి అవి. అటువంటి ఊరిలో జొన్న పెరగాలంటే ప్రత్తిని తగ్గించనక్కరలేదు. రెండూ పెరగడానికి చోటున్నది. అడ్డుగా ఉన్నదానిని తొలగించడమే కావలసిన పని. ఆస్ట్రియా దేశీయుడైన గాట్‌ఫ్రీడ్ హాబర్లర్ వంటి అర్థశాస్త్రవేత్తలు ఈ రేఖను గీసి వివరించినది 1930 దశకంలో. మన్రో అటువంటి బొమ్మ గీయలేదు. కాని ఆయన చేయించిన కొలతలు, వ్రాసిన నివేదికలు ఈ ఆలోచన చుట్టూనే తిరిగాయి.

గొలుసు కొలత

వనరులు ఎన్నో తెలియనిదే ఎల్ల తెలియదు. అందుచేత 1802లో మన్రో భూముల కొలత ప్రారంభింపజేశాడు. 33 అడుగుల గొలుసుతో చేను చేనూ కొలిచారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల చదరం ఒక గుంట. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. ఈ సీమ పల్లెల్లో పొలం లెక్క చెప్పేటప్పుడు పెద్దల నోట వినవచ్చే ఎకరాలు, గుంటల లెక్క ఇదే. కొలతగాండ్ర వెనుక నేలను వర్గీకరించేవారు నడిచి, మెట్ట, మాగాణి, తోట అని విభజించి, నేల తరాన్ని బట్టి శిస్తు నిర్ణయించారు. పేద రైతులకు ఎద్దులకూ విత్తనానికీ తకావీ అప్పులు ఇప్పించారు. ప్రజలకు భయం తగ్గి, వలసపోయినవారు తిరిగి రాసాగారు. బీడు భూములు సాగులోకి వచ్చాయి.

ఏడేండ్లలో ఈ మండలాల శిస్తు రాబడి 4,02,637 పౌండ్ల నుండి 6,06,909 పౌండ్లకు, అనగా సగానికి పైగా పెరిగింది. కంపెనీ దృష్టిలో ఇది ఘనవిజయం. ఇక్కడనే మన్రో జీవితంలోని చిక్కుముడి కూడ ఉన్నది.

పెరిగిన రాబడి అంతా క్రొత్తగా సాగైన నేల నుండి వచ్చినది కాదు. శిస్తు రేట్లే హెచ్చుగా ఉండేవి. మొత్తం పంటలో సుమారు నూటికి 45 వంతులు ప్రభుత్వానికి చేరుతున్నవని మన్రో లెక్కకట్టాడు. మరాఠా యుద్ధాల ఖర్చుతో సతమతమవుతున్న కంపెనీ ప్రభుత్వం రాబడి కోరింది. కలెక్టరు తెచ్చి ఇచ్చాడు. పంటలో దాదాపు సగం పోయిన రైతు వద్ద తిండికీ విత్తనానికీ పోను మిగిలేది స్వల్పం. ఎద్దు చస్తే మరొకటి కొనలేడు. బావి పూడితే తీయించలేడు. రేగడిలో వేళ్ళుపారిన గడ్డిని పెకలించడానికి పెద్ద మడక కట్టాలంటే అనేక కాండ్ల ఎద్దులు కావాలి. అది అతని తరం కాదు. ఈనాడు హెచ్చు శిస్తు తీసుకోవడం వలన రేపటి పంటకు కావలసిన సాధనాలే తరిగిపోతున్నవి. ప్రభుత్వం పొందిన రాబడికి అవకాశ వ్యయం, తవ్వని బావి, కొనని ఎద్దు, దున్నని చేను.

1807 నాటి నివేదిక

ఈ సత్యాన్ని మన్రో దాచిపెట్టలేదు. స్వదేశానికి సెలవు మీద బయలుదేరబోతూ, 1807 ఆగస్టు 15న ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. భూములన్నింటి మీద శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలని కోరాడు. దాని వలన ప్రభుత్వ భాగం పంటలో ఇంచుమించు మూడవ వంతుకు దిగుతుంది. బావుల క్రింద, ఏర్ల నుండి ఎత్తిపోసుకునే నీటి క్రింద సాగయ్యే భూములకు, మరమ్మతు ఖర్చు రైతులే పెట్టుకొనే పక్షంలో, మరి 8 వంతులు చేర్చి మొత్తం 33 వంతులు తగ్గించాలన్నాడు. చిన్న చెరువుల విషయంలోనూ ఇదే నియమం సూచించాడు.

ఏడాది చివర రైతు తన శక్తిని బట్టి కొంత భూమిని విడిచిపెట్టవచ్చు, లేదా అదనంగా తీసుకోవచ్చు. అయితే మంచి నేలను మాత్రమే ఏరుకొని చెడ్డ నేలను వదలడానికి వీలులేదు. తీసుకున్నా విడిచినా మంచిచెడ్డలు తగుపాళ్ళలో ఉండాలి. శిస్తు చెల్లించినంత కాలం రైతే ఆ భూమికి సంపూర్ణ యజమాని. దానిని కౌలుకు ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు.

ఈ సూచనలను పరికిస్తే ఆయన ఆలోచనాక్రమం స్పష్టమవుతుంది. నూటికి 25 వంతుల తగ్గింపు, ఎల్లకు లోపల చిక్కుకున్న పల్లెను ఎల్ల దాకా చేర్చడానికి. బావులకు, చెరువులకు ఇచ్చే అదనపు తగ్గింపు, ఆ ఎల్లనే ముందుకు జరపడానికి. వానమీద ఆధారపడిన చేనికి నీటివసతి చేకూరితే వెనుకటి నేలలోనే అధికంగా పండుతుంది. అప్పుడు రేఖ అంతా వెలుపలికి జరుగుతుంది. ఇక యాజమాన్య హక్కు, ఆ శ్రమ ఫలం తనకే దక్కుతుందన్న ధైర్యాన్ని రైతుకు ఇవ్వడానికి. హంపి వద్ద తుంగభద్రకు విజయనగర ప్రభువులు తవ్వించిన కాలువల క్రింది పచ్చదనం ఈ సీమవారికి కళ్ళెదుటి సాక్ష్యం.

వినిపించుకోని కాలం

ఆ నివేదికను ప్రభుత్వం అప్పట్లో ఆమోదించలేదు. రాబడిలో నాల్గవ వంతు వదులుకోవడానికి దానికి మనసొప్పలేదు. మన్రో వెళ్ళిన తరువాత దత్త మండలాలను బళ్ళారి, కడప అనే రెండు జిల్లాలుగా విభజించారు. రైత్వారీని ప్రక్కకు నెట్టి, ఊళ్ళను గంపగుత్తగా మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తకు ఇచ్చారు. హెచ్చు శిస్తు అట్లే ఉండడం చేత ఎందరో గుత్తదారులు చితికిపోయారు. వారి క్రింది రైతులు అంతకంటె చితికిపోయారు. తాను కొలిచి, వర్గీకరించి, ఊపిరి పోసిన సీమ అట్లా క్రుంగిపోతూ ఉండగా మన్రో ఇంగ్లండులో ఉన్నాడు. 1813లో పార్లమెంటు విచారణ సంఘం ఎదుట సాక్ష్యమిచ్చి, భారతీయుల సేద్యాన్ని, చేతిపనులను, నాగరికతను మెచ్చుకున్నాడు. 1814లో జేన్ క్యాంబెల్‌ను వివాహమాడి, అదే సంవత్సరం న్యాయపాలన సంస్కరణల కమిషనరుగా మద్రాసుకు తిరిగివచ్చాడు. 1817–18 నాటి మరాఠా యుద్ధంలో దక్షిణ మరాఠా దేశంలో సైన్యాన్ని నడిపాడు.

1820 జూన్‌లో మన్రో మద్రాసు గవర్నరు పదవి స్వీకరించాడు. 13 ఏండ్ల క్రితం తాను కోరిన తగ్గింపును అమలులోకి తెచ్చే అవకాశం అప్పటికి లభించింది. దత్త మండలాలలో గుత్త పద్ధతికి స్వస్తి చెప్పి రైత్వారీని పునరుద్ధరించారు. మెట్ట, మాగాణి శిస్తును నాల్గవ వంతు, తోట భూముల శిస్తును మూడవ వంతు తగ్గించారు. మన్రో పేరు పల్లెపల్లెనా నిలిచిపోవడానికి ఈ తగ్గింపు ఒక ముఖ్య కారణం. అయినా పోయిన 13 ఏండ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. ఒక మంచి నిర్ణయాన్ని వాయిదా వేయడానికి కూడ ధర ఉంటుందనీ, ఆ ధరను నిర్ణయం చేసినవారు గాక నేలను నమ్ముకున్నవారే చెల్లిస్తారనీ ఈ చరిత్ర చాటుతున్నది.

చిన్న చేతులు – చదువు

గవర్నరుగా మన్రో చేయించిన మరొక గొప్ప పని విద్యా విచారణ. 1822లో జిల్లాలన్నింటిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించాడు. అప్పుడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో ప్రచురించిన పండితుడు ఆయన. 1823 ఆగస్టులో క్యాంబెల్ పంపిన నివేదిక ప్రకారం ఈ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉండేవారు. వాటిలో కన్నడ పాఠశాలలు 235, తెలుగు పాఠశాలలు 226, పారశీక పాఠశాలలు 21, తమిళ పాఠశాలలు 4. మరాఠీ పాఠశాలలు 23. ఇంగ్లీషు పాఠశాల ఒక్కటే. ఈ సరిహద్దు సీమలో తెలుగు, కన్నడాలు అక్కచెల్లెండ్రవలె దాదాపు సరిసమానంగా వర్ధిల్లినవని ఈ అంకెలే సాక్ష్యం.

కాని జనసంఖ్య తొమ్మిది లక్షలకు పైబడిన జిల్లాలో చదువుకునేవారు ఏడువేల మందైనా లేరు. కారణాన్ని క్యాంబెల్ దాపరికం లేకుండా వ్రాశాడు. సీమ క్రమంగా బీదదైపోతున్నది. ఇంగ్లండు మిల్లు బట్టల రాకతో నేతగాండ్రకు పని తగ్గింది. కొంచెం బలం రాగానే బిడ్డలను బడి మాన్పించి కూలికి పంపవలసిన దుస్థితి తల్లిదండ్రులకు కలిగింది. వెనుక పాఠశాలలున్న ఎన్నో ఊళ్ళలో అవి మూతబడినవి.

ఇక్కడ కూడ పని చేసినది ఆ పాత లెక్కయే. బడికి వెళ్ళే పిల్లవానికి జీతం కట్టడం మాత్రమే చదువుకు అయ్యే ఖర్చు కాదు. ఆ పూట వాడు కలుపు తీయగా, పశువులు మేపగా వచ్చే కూలిని వదులుకోవడం దాని అసలు ఖర్చు. ఇంట్లో గింజలు నిండుకున్న తల్లికి ఆ కూలిని వదులుకోవడం సాధ్యం కాదు. ఈనాటి భుక్తికీ రేపటి శక్తికీ మధ్య ఎంపిక వచ్చినప్పుడు బీదవాడు ఈనాటి భుక్తినే ఎంచుకోక తప్పదు. అది అతని అజ్ఞానం కాదు, అతని రేఖ అంత ఇరుకైనది.

మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 పాఠశాలలున్నవనీ, జనసంఖ్యలో 67 మందికి ఒకరు చొప్పున చదువుకుంటున్నారనీ విచారణలో తేలింది. 1826 మార్చి 10న మన్రో ఒక పథకం రచించాడు. ప్రతి జిల్లాకు రెండు ప్రధాన పాఠశాలలు, ప్రతి తాలూకాకు ఒక పాఠశాల, మొత్తం మీద ఏడాదికి 48,000 రూపాయల ఖర్చు. జిల్లా పాఠశాల ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాలూకా ఉపాధ్యాయునికి 9 రూపాయలు జీతంగా నిర్ణయించాడు. అందులో నేత గాని, ధాన్యం గాని వెంటనే పండేది కాదు. అయినా దానిని వృథావ్యయమని ఆయన భావించలేదు. అంతకుముందు 1824 డిసెంబరు 31 నాటి వ్రాతలో, భారతీయులకు బాధ్యతగల పదవులు ఇవ్వకపోతే వారి శక్తులు వికసించవనీ, చదువుకు ఫలం దక్కే మార్గం ఉండాలనీ వాదించాడు. బావి తవ్వకం నేల ఎల్లను జరిపినట్లే, చదువు మనిషి ఎల్లను జరుపుతుంది.

కడపటి ప్రయాణం

బర్మా యుద్ధం వలన ఆయన పదవీ విరమణ వాయిదాపడింది. 1827లో స్వదేశానికి వెళ్ళే ముందు తాను ప్రేమించిన దత్త మండలాలను కడసారి చూచిపోవాలని బయలుదేరాడు. త్రోవలో కలరా వ్యాపించి ఉన్నది. అయినా ప్రయాణం మానలేదు. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో ఆ వ్యాధితోనే కన్నుమూశాడు. గుత్తిలో భౌతికకాయాన్ని ఖననం చేశారు. తరువాత అస్థికలను 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. శిల్పి ఛాంట్రీ చెక్కిన ఆయన అశ్వారూఢ విగ్రహం చెన్నై నగరంలో నిలిచి ఉన్నది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారన్న విశ్వాసం ఈ సీమ భక్తుల హృదయాలలో చెక్కుచెదరలేదు.

మన్రో కంపెనీ సేవకుడు. ఈ సీమ చెమట నుండి కంపెనీకి రాబడి పెంచినవాడు. ఆ సత్యాన్ని మరుగుపరచనక్కరలేదు. తగ్గించిన శిస్తు కూడ రైతు కష్టాలన్నింటినీ తీర్చలేదు. 1876–78 నాటి ధాత కరువు ఈ జిల్లాను చీల్చి చెండాడింది. ఎల్లను నిజంగా జరుపగల నీరు తుంగభద్ర ఆనకట్ట ద్వారా 1953లో గాని కాలువలకు ఎక్కలేదు. కాని తాను కోరి తెచ్చిన రాబడి రైతును ఎక్కడ నొక్కుతున్నదో తానే లెక్కకట్టి, తగ్గించమని తన ప్రభువులకే విన్నవించి, 13 ఏండ్లు ఓపికపట్టి దానిని సాధించిన అధికారులు చరిత్రలో అరుదు.

ఆయన జీవితం నేర్పే పాఠం పెద్దలకూ పిల్లలకూ సమానమే. వనరులు పరిమితం, ఒకటి పొందాలంటే మరొకటి వదులుకోవాలి. ఉన్నదంతా నేడే అనుభవిస్తే రేపటి ఎల్ల కుదించుకుపోతుంది. కొంత వదులుకొని బావి తవ్వినవారికీ, బిడ్డను బడికి పంపినవారికీ రేపటి ఎల్ల విస్తరిస్తుంది. 1823లో లెక్కకెక్కిన ఆ 226 తెలుగు పాఠశాలల వారసత్వాన్ని బళ్ళారి గడ్డ మీద 75 సంవత్సరాలుగా నిలిపినది భవనాలు కావు. చేనిలో రెండు చేతులు తక్కువైనా సరేనని, పొద్దున్నే బిడ్డ చేతికి పలక అందించి పంపిన తల్లిదండ్రులు. వారు వదులుకున్న కూలి ఏ ఖాతాలోనూ జమకాలేదు. దాని ఫలం మాత్రం ఈ పాఠశాల పూర్వ విద్యార్థుల జీవితాలలో పండుతూనే ఉన్నది.